ఏకముఖ ప్రవాహము – ఏకాంతర ప్రవాహము

టార్చిలైటు బ్యాటరీ ఇచ్చునదియు విద్యుత్తే, ఇంటి గోడలోని ప్లగ్గు ఇచ్చునదియు విద్యుత్తే. కాని రెండింటి నడక వేరు. ఈ భేదమును తరగతిలో ఒక దిక్సూచితోనే చూపవచ్చును.

దిక్సూచి ముల్లుపై ఉత్తర దక్షిణములుగా ఒక రాగితీగను ఉంచి, దాని కొసలను క్షణకాలము మాత్రము బ్యాటరీకి తాకింపుడు. ముల్లు ఒక ప్రక్కకు తిరుగును. కొసలను తారుమారు చేసినచో రెండవ ప్రక్కకు తిరుగును. బ్యాటరీలో ప్రవాహము ఎల్లప్పుడు ఒకే దిశలో సాగును గనుక అది ఏకముఖ ప్రవాహము, అనగా డి.సి. కొసలను చకచక మార్చుచుండినచో ముల్లుకు తిరుగుటకు వ్యవధి చాలక ఉన్నచోటనే వణకును. మనము చేతితో చేసిన ఈ మార్పును విద్యుత్కేంద్రములోని జనరేటరు సెకనుకు నూరు మారులు చేయుచున్నది. అయితే తటాలున గాదు. ప్రవాహము అలవలె పెరిగి, తరిగి, దిశ మార్చుకొనును. ఇదే ఏకాంతర ప్రవాహము, ఏ.సి. రెండు మార్పులు కలిసి ఒక ఆవృత్తి గనుక మన దేశములో దీని పౌనఃపున్యము 50. ఇంటి విద్యుత్తుతో మాత్రము ఈ ప్రయోగము ఎన్నడును చేయరాదు, ప్రాణాపాయము.

ఇటు అటు ఊగెడి ప్రవాహము పని యెట్లు చేయునని విద్యార్థులు తప్పక అడుగుదురు. కవ్వపు త్రాడును ఇటొకమారు అటొకమారు లాగినను వెన్న వచ్చుచునే యున్నది గదా!

1882లో న్యూయార్కులోని పెర్ల్ వీధిలో ఎడిసన్ స్థాపించిన కేంద్రము డి.సి.నే సుమారు 110 వోల్టులతో పంచిపెట్టెను. ఆ పద్ధతిలో ఇంచుమించు ఒక మైలుకు మించి పంపుట గిట్టుబాటు కాలేదు. ఎందువలన? లెక్క వేసి చూతము. 10,000 వాట్లను 100 వోల్టులతో పంపినచో ప్రవాహము 100 ఆంపియర్లు. తీగ నిరోధము అర ఓము అనుకొనుడు. వేడిగా పోవు శక్తి ప్రవాహ వర్గమును నిరోధముచే గుణించిన వచ్చును: 5,000 వాట్లు. సగము దారిలోనే ఖర్చయినది! అదే శక్తిని 10,000 వోల్టులతో పంపినచో ప్రవాహము ఒక ఆంపియరు, నష్టము అర వాటు మాత్రమే.

కాని 10,000 వోల్టులను ఇంటిలోనికి తేరాదు. పంపునప్పుడు పెంచవలెను, చేరినపిదప తగ్గింపవలెను. ఆ పని ట్రాన్స్‌ఫార్మరుది. ఇనుప దిమ్మెపై రెండు తీగచుట్టలు, అంతే; కదలెడి భాగమే లేదు. మొదటి చుట్టలోని ప్రవాహము మారుచున్నపుడే రెండవ చుట్టలో వోల్టేజి పుట్టును. నిలకడగా పారెడి డి.సి.కి ఇది లొంగదు. ఏ.సి. గెలిచిన రహస్యమిదియే. 1886లో అమెరికాలోని గ్రేట్ బారింగ్టన్‌లో స్టాన్లీ దీనిని ఆచరణలో చూపెను. 1896లో నయాగరా విద్యుత్తు బఫలో నగరమునకు చేరెను.

డి.సి. కథ అంతటితో ముగియలేదు. దూరము వందల మైళ్లయినపుడు పొడవైన తీగ కెపాసిటరువలె ప్రవర్తించును, ఏ.సి. దిశ మారినపుడెల్ల దానిని నింపుటకు, ఖాళీచేయుటకు కొంత ప్రవాహము వృథాగా తిరుగుచుండును. స్థిరమైన డి.సి.కి ఆ బాధ లేదు. అందువలన ఒడిశాలోని తాల్చేరు నుండి కర్ణాటకలోని కోలారుకు, సుమారు 1,370 కిలోమీటర్లు, 2003లో వేసిన మార్గము డి.సి. మార్గమే. దాని వోల్టేజి భూమికి ఎగువ 5 లక్షలు, దిగువ 5 లక్షలు. తాల్చేరులో ట్రాన్స్‌ఫార్మర్లు ఏ.సి. వోల్టేజిని పెంచగా థైరిస్టర్లు దానిని డి.సి.గా మార్చును; కోలారులో మరల ఏ.సి.గా మార్చి ఊళ్లకు పంపుదురు.