గీత చూసిన కాలం
1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల ముగింపు ఫొటోలో జర్మనీ పరుగువీరుడు కార్ల్ కౌఫ్‌మన్ తల ముందుంటుంది. స్వర్ణం మాత్రం అమెరికన్ ఓటిస్ డేవిస్‌ది. చేతి గడియారాల్లో ఇద్దరిదీ 44.9 సెకన్లే, అదీ ప్రపంచ రికార్డు. అన్యాయమనిపిస్తుంది గానీ, నియమం లెక్కించేది తలను కాదు, మొండేన్ని. కెమెరా కోణం మోసగించదా అనవచ్చు. మామూలు ఫొటో అయితే మోసగిస్తుంది. తీర్పు కెమెరా వేరు: సన్నని చీలికలోంచి ముగింపు గీతను మాత్రమే చూస్తుంది, లోపల ఫిల్మ్ కదులుతూనే ఉంటుంది. కాబట్టి ఆ బొమ్మలో కనిపించే ఎడం దూరం కాదు, కాలం. ఆ లెక్కన తేడా సెకనులో నూరోవంతు. నాలుగో స్థానంలో ఆగిన మన మిల్ఖాసింగ్ వెనక్కి చూడటం వల్లే పతకం పోయిందన్న మాటను మాత్రం ఈ బొమ్మ తేల్చలేదు. గీతకు ముందు జరిగినదేదీ దాని కంట పడదు.