మీకు తెలుసా? గాలం కర్రకూ ఒర ఉంటుంది!

రావికమతం మండలంలోని కల్యాణపులోవ జలాశయానికి వెదురు గాలంతో వెళ్లేవాళ్లకు దిగుల్లేదు. విరిగితే ఇంకోటి కోసుకుంటారు. ఫైబర్ కర్ర అలా కాదు, బండి వెనక కట్టి తీసుకెళ్తే సన్నటి కొసే ముందు పోతుంది. దానికి ఒరగా కొన్న సంచీ కన్నా పొలాల్లో వాడే 63 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం నయం. గొట్టం మామూలుగా 6 మీటర్లుంటుంది; పైపులైను వేశాక మిగిలిన ముక్క చాలు. కర్ర మీద దారం జారే రింగులు పెద్దవైతే 75 మిల్లీమీటర్లది తీసుకోండి. మడిచిన కర్ర కన్నా జానెడు ఎక్కువ కోసి, ఒక చివర మూత సొల్యూషన్‌తో అతికించి, అడుగున స్పాంజి కుక్కాలి. రెండో చివర మర మూత, దానికో చిన్న బెజ్జం. బెజ్జం ఎందుకంటే, తడి కర్రను గాలాడకుండా బిగిస్తే రింగులు తుప్పు పడతాయి.