పెద్దరికం అంటే కాపుదల

పెద్దల మాట చద్దిమూట అన్న సామెత వినని తెలుగు ఇల్లు ఉండదు. పెళ్లి సంబంధం మొదలు పొలం గట్టు తగవు వరకు నలుగురు పెద్దలను కూర్చోబెట్టి తేల్చుకోవడం మనకు తరతరాల అలవాటు. మీ వీధి చివరనున్న చర్చిలోనూ ఇటువంటి పెద్దలు ఉంటారని ఎప్పుడైనా గమనించారా? ప్రార్థనకు వచ్చేవారిని గుమ్మం వద్ద పలకరిస్తూ, కానుకల లెక్కలు చూస్తూ, జబ్బుపడిన వారి ఇంటికి వెళ్లి ప్రార్థన చేసి వచ్చే ఆ గృహస్థులను ‘సంఘపెద్దలు’ అంటారు. వాక్యం బోధించే ‘అయ్యగారు’ చాలాచోట్ల ఒక ఊరి నుంచి మరో ఊరికి మారుతుంటారు. పెద్దలు మాత్రం ఆ ఊరివారే.

ఈ పదవి మూలం గ్రీకు భాషలోని ‘ప్రెస్బుతెరోస్’ అనే మాటలో ఉంది. దానికి వయసులో పెద్దవాడు అని అర్థం. క్రైస్తవం తొలినాళ్లలోనే అది సంఘాన్ని నడిపించే బాధ్యతకు పేరైంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆవిర్భవించిన దక్షిణ ఇండియా సంఘంలో దీక్ష పొందిన గురువును నేటికీ ‘ప్రెస్బిటర్’ అనే వ్యవహరిస్తారు. 1836లో మన దేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్‌ల కృషితో నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో వెలసిన బ్రదరన్ సహవాసాల పద్ధతి వేరు. అక్కడ ఒక్క గురువు చేతిలో కాక, కొందరు పెద్దల చేతిలో సంఘ నిర్వహణ ఉంటుంది.

భారాన్ని నలుగురూ పంచుకోవాలన్న ఆలోచన మాత్రం అంతకంటే ఎంతో పాతది. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని ప్రజల తగవులు తీరుస్తున్న మోషేను చూసి, ఆయన మామ యిత్రో మందలించాడని బైబిలులోని నిర్గమకాండం చెబుతుంది. ఇలా అయితే నువ్వూ అలసిపోతావు, జనమూ అలసిపోతారు, దైవభీతి ఉండి లంచాన్ని అసహ్యించుకునేవారిని ఏర్పరచుకో అన్నది ఆ మామగారి హితవు. అల్లుడు కాదనలేదు. ఇంటి పెద్ద మాట విన్న ప్రవక్త ఆయన!

ఇక సంఘపెద్దల గురించిన అతి హృద్యమైన ఘట్టం అపొస్తలుల కార్యముల గ్రంథంలో ఉంది. క్రీస్తు శకం మొదటి శతాబ్ది నడిమి కాలం. పౌలు యెరూషలేముకు ఓడలో ప్రయాణిస్తున్నాడు. నేటి టర్కీలో ఉన్న ఎఫెసు నగరంలో ఆయన మూడేళ్లపాటు బోధించి ఉన్నాడు. పండుగ నాటికి గమ్యం చేరాలన్న తొందరలో అక్కడ దిగకుండా, మిలేతు రేవు నుంచి ఎఫెసు పెద్దలకు కబురంపాడు. వారు యాభై కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి తరలివచ్చారు. ఆయన వారికి అధికారాలేవీ అప్పగించలేదు. తన రెండు చేతులు చూపించాడు. ఈ చేతులతో శ్రమించి నన్నూ, నాతో ఉన్నవారినీ పోషించుకున్నాను, ఎవరి వెండి బంగారాలనూ ఆశించలేదు అని గుర్తు చేశాడు. మందను జాగ్రత్తగా కాయమన్నాడు. తోడేళ్లు బయటి నుంచే రావు సుమా, మీలో నుంచే కొందరు దారి తప్పించేవారు పుడతారని హెచ్చరించాడు. అందరూ అక్కడే మోకరించి ప్రార్థించారు. ఇక తన ముఖం చూడబోరన్న మాటకు పెద్దలంతా ఆయన మెడను కౌగిలించుకుని విలపించి, ఓడ దాకా సాగనంపారు. కన్నీళ్లతో ముగిసిన ఆ సభలో ఆయన మాటల్లో కాపరి బాధ్యతే వినిపించింది తప్ప పదవీ వైభవం వినిపించలేదు.

మరి అటువంటివారిని ఎంచుకోవడం ఎలా? తిమోతికి, తీతుకు రాసిన లేఖల్లో కొన్ని అర్హతలు కనిపిస్తాయి. అతిథులను ఆదరించేవాడై ఉండాలి, మద్యానికీ ధనాశకూ లొంగరాదు, ముందుగా సొంత ఇంటిని చక్కగా నడుపుకోగలగాలి. వీటిలో నన్ను ఆలోచింపజేసింది మరొకటి ఉంది. సంఘానికి వెలుపలివారి చేత కూడా మంచివాడని అనిపించుకోవాలట! అంటే పక్కింట్లో ఉన్న మీ మాటకూ అక్కడ విలువ ఉంది. పాలు పోసేవాడికి బాకీ ఎగ్గొట్టి, ఇరుగుపొరుగుతో దురుసుగా ఉండేవాడు గుడి లోపల ఎంత భక్తి ప్రదర్శించినా ఆ నియమం ప్రకారం పెద్దరికానికి తగడు.

ఇంత జల్లెడ పట్టినా పెద్దలు జారిపడరా? పడతారు. అందుకూ నియమం ఉంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్దపై నేరారోపణ స్వీకరించరాదు, తప్పు చేసినవాణ్ని మాత్రం అందరి ఎదుటే గద్దించాలి. పుకార్లకు బలి కానీయరాదు, పరువు పేరిట దాచిపెట్టరాదు. రెండవ శతాబ్ది తొలినాళ్లలో గ్రీసు దేశపు ఫిలిప్పీ సంఘంలో ఈ పరీక్ష ఎదురైంది. వాలెన్స్ అనే పెద్ద, ఆయన భార్య ధనాశకు లోనై తప్పు చేశారు. పెద్దరికం పోయింది. నలుగురిలో తలెత్తుకోలేని స్థితి. సంఘం కూడా ఎంత కుమిలిపోయి ఉంటుందో ఊహించండి. తమ తల్లిదండ్రుల వంటి దంపతుల తప్పు వీధిన పడితే ఏ ఇంటికైనా అదే వేదన కదా!

ఇప్పుడు ఇజ్మీరుగా పిలుస్తున్న స్ముర్న నగర సంఘాధ్యక్షుడు పోలికార్పు ఆ వేళ ఫిలిప్పీవారికి లేఖ రాశాడు. ఆ దంపతుల గురించి తాను ఎంతో దుఃఖిస్తున్నానన్నాడు. అయితే వారిని శత్రువులుగా చూడవద్దని, జబ్బుపడి దారి తప్పిన అవయవాలుగా ఎంచి తిరిగి పిలుచుకోమని, అప్పుడే మీ దేహమంతా స్వస్థపడుతుందని చెప్పాడు. వాలెన్స్ చేసిన పనిని ఎక్కడా సమర్థించలేదు. ధనాశను గురించి ఆ లేఖలో కఠినంగానే హెచ్చరించాడు. అంతటి గౌరవం గల అధ్యక్షుడు ఆ ఉత్తరాన్ని తన ఒక్కడి పేరు మీదనే ప్రారంభించలేదు. పోలికార్పు అన్న పేరును ఆనుకుని, ఆయనతో ఉన్న పెద్దలు అనే మాట కూడా ఉంది.