మీకు తెలుసా? పక్కవాద్యం నుంచి ప్రధాన స్థానానికి

గాయకుడి పక్కన కూర్చుని వాయించడమే ధర్మంగా ఉన్న వాయులీనానికి (ఫిడేలుకు) కచేరీలో ప్రధాన వాద్య స్థానం కల్పించి, 1938లో వేలూరులో తొలి సోలో కచేరీ చేసిన వాడిగా పేరొందినది విశాఖపట్నంలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు.

కర్ణాటక కచేరీలో పక్కవాద్యం, అంటే ప్రధాన కళాకారుణ్ణి అనుసరించే వాద్యం, నిర్వహించే పని పైకి కనిపించేంత తేలిక కాదు; గాయకుడు రాగం ఆలపిస్తుండగా వాయులీన విద్వాంసుడు ఆ సంచారాలను వెన్నంటి పలికించి, తన వంతు రాగానే అదే రాగాన్ని క్లుప్తంగా విస్తరించి, స్వరకల్పనలో (అప్పటికప్పుడు స్వరాలను అల్లడంలో) ఆవర్తానికి ఆవర్తం బదులివ్వాలి. లయ బాధ్యత మృదంగానిది. తాళవాద్యం ఒంటరిగా వినిపించే తని ఆవర్తనంలో మాత్రం వేదిక పూర్తిగా దానిదే. సోలోలోనైతే రాగం, కీర్తన, కాలప్రమాణం వంటి నిర్ణయాలన్నీ వాయులీనకారుడివే.

నేల మీద కూర్చుని, వాయులీనం కొసను కుడి మడమ దగ్గర ఆనించి, తీగలను స-ప-స-ప వరుసలో శ్రుతి చేసుకునే ఈ పద్ధతి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో లేనిది. ఇక నాయుడి విషయానికొస్తే, అప్పటి విశాఖపట్నం జిల్లాలోనే ఉన్న విజయనగరం సంగీత కళాశాలలో 1919లో, ఇరవై ఆరేళ్ల వయసులో ఆచార్యుడై, ఆదిభట్ల నారాయణదాసు తర్వాత 1936లో దానికి అధ్యక్షుడయ్యాడు.