మీకు తెలుసా? విత్తనానికి తోడు, కారానికి కల్తీ

పల్నాడులోని ముప్పాళ్ళ చుట్టుపక్కల మిరప విత్తనానికి పట్టించే ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రపు పొడి ప్యాకెట్లో ఎక్కువ భాగం రాయే! శిలీంధ్ర బీజాలను మోసుకొచ్చి గింజకు అంటించే ఆ మెత్తని పొడి టాల్క్. మన బలపపు రాయిదీ ఇదే జాతి. కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టిస్తారు. నేలకు వేయాలంటే 2 కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువులో, 10 కిలోల వేపపిండితో కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో గోనె కప్పి ఉంచుతారు. కొన్నాళ్ళకు కుప్ప మీద బూజు కమ్ముకుంటే శిలీంధ్రం పెరిగిందన్నమాట. ఆ బూజు చూసి పారబోయకండి, మనకు కావలసింది అదే.

ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలులో వజ్రం 10, టాల్క్ 1. గోటితో గీసినా గీత పడుతుంది. మెగ్నీషియం సిలికేట్ పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి, వాటి మధ్య పట్టు మాత్రం చాలా తక్కువ. అందుకే వేళ్ళ మధ్య అంత నున్నగా జారుతుంది. ఇంత మెత్తని రాయీ బాగా కాలిస్తే గట్టిపడుతుంది! కరెంటు ఇన్సులేటర్ల తయారీలో ఆ గుణం పనికొస్తుంది. వేడిని నిలుపుకుంటుంది కనుకే ఈ రాతితో చేసిన రాచ్చిప్పలో కాచిన పులుసు దించాక కూడా ఉడుకుతూనే ఉంటుంది. కాగితం, రంగులు, మాత్రలు, కారు బంపర్ల ప్లాస్టిక్కు, అన్నిట్లోనూ టాల్క్ ఉంటుంది.

మన ఆంధ్రప్రదేశ్‌లో ఇది తాడిపత్రి, బేతంచెర్ల ప్రాంతాల్లో దొరుకుతుంది. డోలమైట్ పొరల్లోకి శిలాద్రవం చొచ్చుకొచ్చిన చోట, ఆ వేడికి మెగ్నీషియం, సిలికా కలిసి బలపపు రాయి పుట్టింది. పిడుగురాళ్ళ బట్టీలకు వెళ్ళే పల్నాడు సున్నపురాయి కూడా ఈ ప్రాంతాలున్న కడప బేసిన్ అనే రాతిపొరల ప్రాంతంలోదే. దేశంలో ఎక్కువగా తవ్వేది మాత్రం రాజస్థాన్‌లో.

పసిపిల్లల పౌడరులో వాడే టాల్క్ సంగతి వేరు. భూమిలో టాల్క్ పక్కనే క్యాన్సర్ కలిగించే ఆస్‌బెస్టాస్ కూడా ఉండే అవకాశం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024లో టాల్క్‌ను 'బహుశా క్యాన్సర్ కారకం' వర్గంలో చేర్చింది. జాన్సన్ అండ్ జాన్సన్ 2023లో ప్రపంచమంతటా టాల్క్ బేబీ పౌడరు అమ్మకం ఆపి, మొక్కజొన్న పిండికి మారింది. పసివాళ్ళ ముఖం దగ్గర పౌడరు దులపడం మానేయడమే మేలు.

మిరప పండించే నేల మీద అన్నిటికన్నా మనసుకు కష్టం కలిగించేది కల్తీ. రైతు కళ్ళాల్లో ఎండబెట్టి, తాలుకాయ ఏరి పంపిన సరుకులో ఎవరో బలపపు రాయి పొడి కలిపి బరువు పెంచుతారు. కనిపెట్టడం తేలికే. గ్లాసు నీళ్ళలో చెంచా కారం వేసి, అడుక్కి దిగినదాన్ని వేళ్ళతో రుద్దండి. గరగరలాడితే ఇటుకపొడో ఇసుకో ఉన్నట్టు. తెల్లగా, సబ్బులా జారితే బలపపు రాయి పొడి. అలాంటి కారం వంటకు వాడకండి, ఆహార భద్రతా అధికారికి చూపించండి.