సోలార్ పార్కులు - కంచె అవతలి చేలు



చెన్నైలో ఉండే మనకు సౌర విద్యుత్తు అంటే మిద్దె మీది నాలుగు ప్యానెళ్లే గుర్తుకొస్తాయి. కాని మన రాష్ట్రంలోనే, రామనాథపురం జిల్లా కముదిలో, 2016లో 648 మెగావాట్ల కేంద్రం మొదలైంది. విస్తీర్ణం సుమారు 2,500 ఎకరాలు, ప్యానెళ్లు 25 లక్షలు. మరుసటి ఏడు కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల భూముల్లో 1,000 మెగావాట్ల పార్కు వచ్చింది. దానికి 5,900 ఎకరాలకు పైగా పట్టింది. పొగ లేదు, బూడిద లేదు. మరి చుట్టుపక్కల సేద్యానికి ఇబ్బందేమైనా ఉందా?

ముందు వేడి సంగతి చూద్దాం. అమెరికాలోని అరిజోనాలో శాస్త్రజ్ఞులు కొలిచి, రాత్రివేళ ప్యానెళ్ల మధ్య గాలి పక్కనున్న ఎడారి కన్నా మూడు నాలుగు డిగ్రీలు వెచ్చగా ఉంటుందని 2016లో చెప్పారు. మొక్క తన ఆకుల నుంచి నీటిని ఆవిరిగా వదిలి గాలిని చల్లబరుస్తుంది. మొక్కలు పీకేస్తే ఆ చల్లదనమూ పోతుంది. అయితే ఈ వేడి కంచె దాటాక కొద్ది దూరంలోనే తగ్గిపోతుంది. దీనికి మరీ బెదరనక్కరలేదు.

నన్నడిగితే అసలు చిక్కు నీళ్ల దారి దగ్గర ఉంది. ప్యానెళ్లు బిగించాలంటే తుప్పలు కొట్టి, నేల చదును చేస్తారు. ఆ చదునులో చిన్న వంక ఒకటి పూడిపోతే అడిగేవారుండరు. రాయలసీమలోనైనా రామనాథపురంలోనైనా కురిసే ఆ కాస్త వానా వంకల వెంట పారి కుంటకు చేరాలి. వంక పూడితే కుంట నిండదు, కుంట నిండకపోతే దిగువ బావిలో ఊట ఉండదు. పైగా ప్యానెల్ అంచు నుంచి ధారగా జారిన నీరు, గడ్డి లేని గట్టినేల మీద ఇంకకుండా పరుగెత్తి పక్క చేను గట్టు కోస్తుంది. ఇది మొదటి ఏడే కనిపించకపోవచ్చు. మంచి వాన పడిన ఏడు తెలుస్తుంది.

దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది కనుక ప్యానెళ్లు శుభ్రం చేయాలి. బోరు నీళ్లతో కడిగితే పక్క రైతు బోరుకు పోటీయే. కముదిలో ఈ పనికి రోబోలను పెట్టారు. నీళ్లు లేకుండా పొడిగా తుడిచే యంత్రాలూ ఇప్పుడున్నాయి.

అనంతపురం సరిహద్దున, తెలుగు బాగా వినిపించే కర్ణాటక పావగడలో సుమారు 13,000 ఎకరాలను రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏటా 21,000 రూపాయలతో మొదలైంది. కరవు సీమలో అది తక్కువేం కాదు. కాని ఆ డబ్బు భూమి ఉన్నవాడికే. ఆ చేలలో కూలికి పోయినవాడికి, కోతలయ్యాక గొర్రెలు మేపుకున్నవాడికి, కంచె అవతల చేనున్నవాడికి పైసా రాదు. పైగా 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ పరిధిలో ఈ కేంద్రాలు లేవు. కాబట్టి దాని కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ కూడా వీటికి ఉండదు.

ప్యానెళ్లను ఎత్తుగా బిగిస్తే కింద పైరు పెట్టవచ్చు. అరిజోనాలోనే చేసిన మరో ప్రయోగంలో ఆ నీడలో ఒక రకం అడవి మిరప మూడింతలు కాసినట్టు 2019లో ప్రకటించారు. రామనాథపురం గుండు మిరపకు పేరున్న చోటు కదా, మనవాళ్లూ ప్రయత్నించి చూడవచ్చు.

ఊరికి పార్కు వస్తుందని తెలిస్తే, ముందు గ్రామ పటం తెప్పించుకోండి. వంకలు, కుంటలు, పశువులు నడిచే దారులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించి, వాటిని పూడ్చకూడదని పంచాయతీ తీర్మానంతో కలెక్టరుగారికి అర్జీ పెట్టండి. బుల్డోజరు దిగకముందే పెట్టాలి.