మీకు తెలుసా? ఒక్క సెంటు వేయకున్నా బిడ్డ చదువుకు 2,000 డాలర్లు

కెనడాలో పిల్లల పైచదువుల కోసం తెరిచే పొదుపు ఖాతా పేరు ఆర్‌ఈఎస్‌పీ. కన్నవాళ్లు ఏడాదికి 2,500 డాలర్లు వేస్తే ప్రభుత్వం మరో 500 కలుపుతుంది. అలా ఒక్కో బిడ్డకు మొత్తం 7,200 దాకా వస్తుంది.

మరి వేయడానికి డబ్బే లేని ఇళ్ల సంగతి? చాలామందికి తెలియనిది ఇదే. 2004లోనో ఆ తర్వాతో పుట్టిన, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు ‘కెనడా లెర్నింగ్ బాండ్’ ఉంది. మొదట 500, ఆపై 15 ఏళ్ల వయసు దాకా, అర్హత ఉన్న ప్రతి ఏటా 100 చొప్పున, 2,000 డాలర్ల వరకు ప్రభుత్వమే జమ చేస్తుంది. బిడ్డకు సోషల్ ఇన్సూరెన్స్ నంబరు, తన పేరిట ఒక ఆర్‌ఈఎస్‌పీ ఖాతా ఉండాలి.

ఆలస్యమైనా పాత ఏళ్ల సొమ్ము పోదు. 18 నిండిన పిల్లలు 21వ పుట్టినరోజు రాకముందే తామే ఖాతా తెరిచి అడగవచ్చు.